చెప్పినవారి పేరు

మా ఆవిడకు దేవుడి తర్వాత అంత భక్తి ఎక్స్‌పైరీ తేదీల మీదే. సింగపూర్ వచ్చాక ఈ భక్తి ముదిరింది. నెలకో ఆదివారం వంటింటి అలమారు తెరిచి, ఒక్కో డబ్బానూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి దాని ఆయుష్షు చదువుతుంది. నిన్నటితో గడువు తీరిన శనగపిండికి ఇవాళ మా ఇంట్లో నిలువ నీడ ఉండదు. పురుగు పట్టలేదు కదా, వాసన రాలేదు కదా అని నేను పిండి తరఫున వాదించబోతే, "మీకు వాసనలు తెలియవు, ఊరుకోండి" అంటుంది. యాభై దాటిన మనిషికి ఇలాంటి ఇంట్లో కాస్త బెరుగ్గానే ఉంటుంది. నా మీద ఎక్కడా తేదీ ముద్రించి లేదు కాబట్టి కాలక్షేపం అవుతోంది.

మొన్నటి తనిఖీలో మెంతుల డబ్బా వెనకనుంచి వేలెడంత ప్లాస్టిక్ సంచి ఒకటి బయటపడింది. లోపల నల్ల మిరియాలు. పైన తెల్లకాగితం ముక్క అంటించి, దాని మీద నీలం సిరాతో ఒకే ఒక్క అక్షరం: "వ".

"ఇదేంటి? తేదీ లేదు, పేరూ లేదు."

"పేరుంది. వ అంటే వదిన."

"ఎవరి వదిన?"

"ఆంటీ వాళ్ళ వదినగారు. పాడేరు దగ్గర వాళ్ళ కాఫీ తోటలో మిరియాల తీగలు..."

చెత్తబుట్ట వైపు వెళ్తున్న చెయ్యి ఆగింది. ఆ సంచిని తెచ్చి మళ్ళీ మెంతుల వెనకే పెట్టేసింది. మా ఇంట్లో ఒక వస్తువుకు క్షమాభిక్ష దొరకడం అదే మొదలు.

ఆంటీ పోయి ఏడాది కావస్తోంది. ఈ ఊళ్ళో తల నెరిసిన ఆడవాళ్ళందరూ ఆంటీలే, కానీ బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకు మటుకు ఆ మాటను ఈమె ఒక్కరికే రాసిచ్చింది. తొమ్మిదో అంతస్తులో కూతురూ అల్లుడితో ఉండేది. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఇంతకు మించి ఆమె జీవిత విశేషాలు నాకు తెలియవు. తెలిసినట్టు రాస్తే ఆమె ఊరుకునేది కాదు.

ఎవరైనా ఏదైనా చెప్పడం మొదలుపెడితే, ఆంటీ ముందు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేది. కళ్ళజోడు తీస్తే చెవులు బాగా పనిచేస్తాయని ఆమె నమ్మకం. తల కొంచెం ఎడమకు వాల్చి, చివరిదాకా విని, అప్పుడు అడిగేది: "ఎవరు చెప్పారు?"

అందులో వెటకారం ఉండదు. అనుమానం కూడా ఉండదు. దారి తెలియని మనిషి అడ్రసు అడిగినట్టుండేది. అందుకే దెబ్బ గట్టిగా తగిలేది.

"మూడో అంతస్తు వాళ్ళు విడిపోతున్నారట ఆంటీ" అని లిఫ్టులో ఒకావిడ మొదలెడుతుంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"అందరూ అంటున్నారు."

"ఆ అందరిలో ఒక్కరి పేరు చెప్పు."

ఈలోగా లిఫ్టు కిందికి వచ్చేస్తుంది. ఆవిడ కూరగాయలకు, ఆంటీ లైబ్రరీకి. మూడో అంతస్తు వాళ్ళు ఇవాళ్టికీ కలిసే ఉన్నారు. అది ఆంటీ చలవేనని నేననను, రుజువు లేదు. ఆమె దగ్గర పుకారు బతికేది కాదని మాత్రం చెప్పగలను.

మా వాట్సాప్ గ్రూపుకు ఆమె చేసిన సేవ ఇంకా పెద్దది. జామాకుల నీళ్ళతో షుగరు మాయమని ఒకాయన పెడితే, నిమిషంలో కింద "ఎవరు చెప్పారు?" అని ఉండేది. ఆయన నొచ్చుకుని "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అనేవాడు. "ఎవరి దగ్గర రిసీవ్ చేసుకున్నారు?" అని రెండోది పడేది. కొన్నాళ్ళకు గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ మిగల్లేదు. అవి కూడా కాస్త భయంభయంగా వచ్చేవి.

పిల్లలు ఆమెకు సోర్స్ ఆంటీ అని పేరు పెట్టారు. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పట్టుకుని పైకి వెళ్ళి, గంట తర్వాత దిగి వచ్చి, "సోర్స్ ఆంటీ సో స్ట్రిక్ట్ లా! మా టీచర్ కూడా అంత అడగదు" అని సోఫాలో కూలబడింది. మర్నాడు మళ్ళీ తనే వెళ్ళింది. అడిగితే, "షీ లిజన్స్, నాన్నా" అంది. మన ఇంట్లో మనం వినడం లేదన్నమాట అనుకుని నేను పేపరు చదువుకున్నాను.

అయితే ఇతరుల మాటకు ఆధారం అడిగే మనిషి తన మాటకు ఇవ్వకపోతే ఎవరైనా తిట్టుకుంటారు. ఆంటీ ఇచ్చేది. అన్నిటికీ ఇచ్చేది. ఆమె ఇంట్లో పులుసు తింటే భోజనం చేసినట్టుండదు, కృతజ్ఞతల పేజీ చదివినట్టుంటుంది. "చింతపండు నానబెట్టకుండా ఉడికించడం మా పెద్దాడపడుచుది. చివర్లో ఈ బెల్లంముక్క ఎదురింటి తమిళావిడది. మెంతిపిండి మాత్రం నాదే. చేదుగా ఉంటే నన్నే అనండి." ఊరగాయ సీసాల మీద ఏ ఊరగాయో ఉండేది కాదు, అది చూస్తే తెలుస్తుంది కదా అనేది. నేర్పినవారి పేరులో మొదటి అక్షరం మాత్రం ఉండేది.

"ఈ అలవాటు ఎక్కడిది ఆంటీ?" అని ఎవరడిగినా ఒకటే జవాబు: "మా గురువుగారిది."

ఆ గురువుగారి మూలంగా ఒకసారి చిన్న గందరగోళం జరిగింది. మా తెలుగు సంఘం సెక్రటరీ వరంగల్ అబ్బాయి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మంచివాడు. ఏ పనినైనా మీటింగుగా మార్చగలడు. హాకర్ సెంటర్‌లో టీ తాగుతూ ఆంటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఆంటీ, మీ గురువుగారిని ఈసారి ఉగాదికి చీఫ్ గెస్టుగ పిలుద్దాం. టికెట్టు, హోటలు అన్ని మేం చూస్కుంటం."

"ఆయన ఎక్కడికీ రారు బాబూ. ఏడేళ్ళప్పుడు మఠంలో చేర్చారు. ఆ తర్వాత పెద్దగా కదిలింది లేదు."

"గంత నిష్ఠనా! ఏ మఠం ఆంటీ?"

"ఇంగ్లండులో. బాగా ఉత్తరాన."

"అరె, అక్కడ గూడ మనోళ్ళ మఠం ఉన్నదా?"

"మనవాళ్ళది కాదులే."

"పర్వాలేదు ఆంటీ, మనకేం భేదం లేదు. జూమ్ల మాట్లాడ్తరా?"

"ఆయన పోయి పదమూడు వందల ఏళ్ళయింది బాబూ."

సెక్రటరీ టీ గ్లాసు కింద పెట్టాడు. "అయ్యో, సారీ ఆంటీ" అన్నాడు. నిజంగా పరామర్శ గొంతుతోనే అన్నాడు. ఆంటీ కూడా "పర్వాలేదు" అని అంతే మర్యాదగా అందుకుంది.

అలా బయటపడింది ఆయన సంగతి. క్రైస్తవ సన్యాసి, పండితుడు, ఆ తర్వాత సెయింట్ అయినాడు. ఆయన పేరు ఆంటీ పలికేది కాదు. ఆ తరం ఆడవాళ్ళు భర్త పేరు పలకరంటారు. ఈమె భర్త పేరు లక్షణంగా పలికేది, గురువుగారి పేరు మాత్రం నోట రానిచ్చేది కాదు. కాబట్టి నేనూ రాయను. కావలసినవారికి ఈ గుర్తులు చాలు. మిగిలినవారికి పేరుతో పనిలేదు.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బి.ఏ. పిల్లలకు ఇంగ్లండు చరిత్ర ఉండేదట. అక్కడ తగిలాడాయన. తర్వాత సిలబస్ మారింది, ఆయన్ని తీసేశారు. ఆంటీ తీయలేదు.

"మఠం దాటకుండా దేశం మొత్తం చరిత్ర రాశాడయ్యా. ఎలా రాశాడు? అడిగి రాశాడు. పుస్తకం మొదట్లోనే చెప్పేశాడు, ఈ ప్రాంతం సంగతులు నాకు ఫలానా మఠాధిపతి చెప్పాడు, ఆ ప్రాంతంవి ఫలానా గురువు తెచ్చిచ్చాడు, ఈ వింత ఫలానా పెద్దాయన తనతో చెప్పగా విన్నాను అని. చెప్పినవాడు ఎవరో నీకు తెలిస్తే, నమ్మాలో వద్దో నువ్వే తేల్చుకోవచ్చు. అది నీకిచ్చే గౌరవం."

వ్యాఖ్యానాలు రాసినప్పుడు, పాతవాళ్ళ మాట వాడుకున్న చోటల్లా పక్క మార్జినులో వాళ్ళ పేరుకు గుర్తుగా అక్షరాలు వేశాడట. నకలు రాసేవాళ్ళను బతిమాలాడట, దయచేసి ఈ అక్షరాలు వదిలేయకండి అని. "వదిలేశారు" అనేది ఆంటీ. కిందటి వారం ఏదో ఆఫీసులో గుమాస్తా చేసిన నిర్లక్ష్యం గురించి చెబుతున్నట్టు, ముఖం చిన్నబుచ్చుకుని. "చాలాచోట్ల వదిలేశారు."

ఇంకోసారి నా ఫోను తీసుకుని తెర మీద తేదీ చూపించింది. "ఇలా క్రీస్తు పుట్టుక నుంచి ఏళ్ళు లెక్కపెట్టడం లోకానికి బాగా అలవాటు చేసింది ఈయనే." నేను మెచ్చుకోబోయేలోపు, "కనిపెట్టింది ఈయన కాదు, అంతకుముందు వేరే సన్యాసి" అని ఆయన పేరు కూడా చెప్పింది. గురువుగారి కీర్తిలో సైతం వాటాదారుల్ని దాచే మనిషి కాదు.

ఆమెను సంతోషపెడదామని నేనొకసారి ఇంటర్నెట్టులోంచి ఒక కథ పట్టుకెళ్ళాను. ముసలితనంలో గురువుగారికి చూపు పోయిందట, వెంట ఉన్నవాడు కొంటెగా రాళ్ళగుట్ట ముందు నిలబెట్టి, జనం కూర్చున్నారు ఉపదేశం చెప్పండి అన్నాడట, ఈయన చెప్పాడట, చివర్లో ఆ రాళ్ళే ఆమెన్ అన్నాయట. ఆంటీ కళ్ళజోడు తీసి, ఆసాంతం విని, మళ్ళీ పెట్టుకుంది.

"బాగుంది. కానీ ఇది ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. ఆయనకు అంటగట్టకు."

"ఆయన్నే పొగుడుతోంది కదా ఆంటీ?"

"పొగడ్తకైతే సాక్షి అక్కర్లేదా?"

ఆ మిరియాల సంగతి కూడా ఆయనదే. ఒంట్లో జబ్బు కుదిరేది కాదని తెలిశాక, ఆంటీ మమ్మల్ని ఒక్కొక్కరినే తొమ్మిదో అంతస్తుకు పిలిచింది. మంచం పక్కన బిస్కెట్ల డబ్బా. అందులో చిన్న చిన్న సంచుల్లో మిరియాలు, ఇస్త్రీ చేసిన చేతిరుమాళ్ళు. ఒక సంచి నా చేతిలో పెట్టింది.

"గురువుగారు పోయేముందు తన పెట్టెలో ఉన్నవి తోటివాళ్ళకు పంచారు. కాసిని మిరియాలు, చేతిగుడ్డలు, సాంబ్రాణి. దగ్గరున్న శిష్యుడు రాశాడు. సాంబ్రాణి మా అమ్మాయి ఫ్లాట్‌లో కాల్చనివ్వదు, పొగ అలారం మోగుతుందంటుంది." ఊపిరి తీసుకుని, "ఆ మిరియాలు మన దేశం నుంచే వెళ్ళి ఉంటాయి" అంది.

నాకు నవ్వొచ్చింది. "ఎవరు చెప్పారు ఆంటీ?"

ఆమె కూడా నవ్వింది. నవ్వితే దగ్గు వస్తోంది, అయినా నవ్వింది. "ఇది నా ఊహ. ఊహ అని ముందే చెబితే తప్పులేదు."

ఆమెను గురించి ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. కానీ నాకు తెలిసిన ఆంటీ ఎవరని అడిగితే నేను చెప్పేది బూన్ లే వెళ్ళొచ్చిన సంగతి.

అప్పటికి ఆమెకు జబ్బు చేయలేదు. మా సంఘం ఒక సావనీర్ వేయాలనుకుంది. అందులో ఇక్కడి పాత తెలుగు కుటుంబాల గురించి కొన్ని పేజీలు ఉండాలని సెక్రటరీ పట్టుబట్టాడు. మేమంతా నిన్నగాక మొన్న కంప్యూటర్లు పట్టుకుని దిగినవాళ్ళం. మాకు ముందు ఎప్పుడో మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు ఉన్నారు. గుళ్ళో సెక్రటరీకి అలాంటి ఇంటి పెద్దావిడ ఒకరు తగిలింది. పేరు నూకాలమ్మ, ఎనభై దాటింది, బూన్ లేలో ఉంటుంది. వాళ్ళ నాన్న అప్పలస్వామిని రెండో ప్రపంచయుద్ధంలో, జపానువాళ్ళ కాలంలో, సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రైలు మార్గం పనికి పట్టుకెళ్ళారట. తిరిగి రాలేదు. ఆ కథ పుస్తకంలో రావాలని ఆవిడ కోరిక. సెక్రటరీ హెడ్డింగు కూడా కట్టేశాడు: "రైలు పట్టాల మధ్య తెలుగువీరుడి మరణం". రాయాల్సింది ఆంటీ.

"ఆయన మరణించాడని ఎవరు చెప్పారు?" అంది ఆంటీ.

"ఆంటీ, తీస్కపోయి ఎనభై ఏండ్లు దాటింది. ఇంకా ఉంటడా?"

"ఉన్నాడని నేననలేదు. పోయాడని ఎవరు చెప్పారు అన్నాను."

"గిట్లయితే సావనీర్ల ఏం మిగులది ఆంటీ. ప్రెసిడెంటుగారి సందేశం ఒక్కటే మిగుల్తది."

"అది కూడా ఆయన రాసింది కాదని నువ్వే చెప్పావు."

ఆ వారాంతం ఆంటీ బూన్ లే బయల్దేరింది. వాళ్ళమ్మాయికి కుదరక నేను తోడు వెళ్ళాను. రైళ్ళు మారి, పాత బ్లాకు ఒకటి వెతికి పట్టుకుని, తలుపు కొడితే, బాతిక్ లుంగీ మీద తెల్ల రవిక తొడుక్కున్న చిన్న మనిషి తీసింది. ముక్కుకు రెండు పక్కలా బంగారు పుడకలు. ఇంట్లో వాళ్ళంతా బయటికి వెళ్ళారట.

"రా టీచరమ్మా, కూకో. మకాన్ అయినాదా?" అంటూనే మైలో కలపడానికి లోపలికి వెళ్ళింది. తిని వచ్చామన్న మాట వినిపించుకోలేదు.

మైలో గ్లాసులు పెట్టి, ఎదురుగా కూర్చుని, అడగకముందే మొదలుపెట్టింది. "లారీ వొచ్చినాది. మండోరు పేర్లు పిలిసినాడు."

"మండోరు అంటే మేస్త్రీ" అన్నాను, ఆంటీకి సాయంగా.

"ఆవిడను చెప్పనీ" అంది ఆంటీ. కళ్ళజోడు అప్పటికే ఒళ్ళో ఉంది.

"మూడు నెల్లు పని, కూలిస్తారు, బియ్యమిస్తారని సెప్పినాడంట. మా నాన ఎక్కినాడు. లారీ కదిలినప్పుడు మాయమ్మని కేకేసి, 'పుంజునమ్మీకు, నానొచ్చీవరకూ ఉంచు' అన్నాడు. అంతే. మరి కనపళ్ళేదు."

"మీరు విన్నారా ఆ మాట?"

"నానప్పుడు సంకన పిల్లనమ్మా. మాయమ్మ సెప్పినాది."

"మీ అమ్మగారి పేరు?"

"పైడమ్మ."

"మరి ఆ పుంజు?"

"ఆకలి రోజులమ్మా. తోటలో ఆకూ అలమూ పీక్కుని తిన్నాం. పుంజుని మటుకు ముట్టనియ్యలేదు మాయమ్మ. ముసిలిదయి అదే సచ్చింది. సచ్చినాకా కూరొండలేదు." అని నూకాలమ్మ నా వైపు తిరిగి, "అప్పుటికి నాకు బుద్ది తెలిసినాది. ఎంత ఏడ్సినానో, కూర కోసం" అంది.

ముగ్గురం నవ్వాం. అక్కడిదాకా బాగానే ఉంది.

"రాయమ్మా, మా నాన సచ్చిపోనాడని పెద్దచ్చరాల్తో రాయి. క్రాంజీలో, యుద్దంలో సచ్చినోల్ల సమాదులకాడ, గోడల నిండా పేర్లున్నాయి, మావోడు తీసుకెల్లి సూపించినాడు. ఎంత ఎతికినా మా నాన పేరు లేదంట. అవన్నీ సోల్జర్లవంట, కూలోల్లవి కావంట. నీ బుక్కులోనయినా ఉండాల."

"పేరు తప్పకుండా రాస్తానమ్మా. మీరు చెప్పారని మీ పేరూ రాస్తాను. కానీ ఆయన పోయారని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్తారు? సెప్పడానికి ఎవులొచ్చినారు?"

"అయితే ఆ ఒక్క మాట నేను రాయలేనమ్మా."

"సచ్చిపోకపోతే రాడా?" ఆ చిన్న మనిషి గొంతు ఒక్కసారి లేచింది. "నా ఇంటికొచ్చి, నా మైలో తాగి, మా నాన బతికున్నాడంటావేటి?"

నేను గోడగడియారం వైపు, కిటికీ వైపు, చూడదగ్గ ప్రతి వైపూ చూశాను. ఆంటీ మాత్రం కళ్ళజోడు పెట్టుకుంది. ఎవరైనా మాట్లాడుతుండగా ఆమె కళ్ళజోడు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. లేచి వెళ్ళి, దేవుడి పటాల పక్కన ఉన్న ఫొటో ముందు నిలబడింది. నలుపూ తెలుపూ ఫొటో, చిన్నదాన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టారు. నడివయసు మనిషి, బిగించిన పెదవులు. కనుబొమల మధ్య రూపాయి బిళ్ళంత మేర రంగు తేలిపోయి, మంచు పట్టినట్టుంది.

"మీ అమ్మగారా?"

"ఊఁ."

"ఇక్కడ ఏదో తుడిచినట్టుంది."

నూకాలమ్మ ఖాళీ అయిన గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "స్టూడియోవోడు తుడిసినాడు. తుడవమన్నారు."

"ఎవరు?"

అప్పుడు చెప్పింది. మొగుడు వెళ్ళాక పైడమ్మ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. 'నీ మొగుడు పోనాడని నాతో ఎవుడైనా వొచ్చి అన్నాడా? అననప్పుడు నానెందుకు తియ్యాల' అనేదట. తెల్లారకుండా రబ్బరు పాలు తీయడానికి నుదుట అంత బొట్టుతో వెళ్తుంటే, పెళ్ళికూతురొస్తోందని తోటంతా నవ్వేదట. నవ్వులకు అలవాటుపడి అలాగే ముసలిదైంది. యాభై ఏళ్ళ కిందట ఆవిడ పోయినప్పుడు పెద్దలు చేరారు. మొగుడు ఎప్పుడో పోయి ఉంటాడు, ముత్తైదువలా సాగనంపడానికి వీల్లేదన్నారు. బొట్టు తుడిచారు, గాజులు పగలగొట్టారు. తర్వాత గుర్తింపు కార్డు ఫొటో పెద్దది చేయించినప్పుడు అందులో ఉన్న బొట్టు కూడా చెరిపించారు.

"నానడ్డం పడినాను. మీ నాన ఉన్నాడని నీకెలా తెల్సు, సూసినావా అన్నారు. నాకేటి తెల్సు? ఊరుకున్నాను." ఇప్పుడు గొంతు తగ్గిపోయింది. "అందుకే సచ్చిపోనాడని రాయమ్మా. బుక్కులో పడితే నిజమైపోద్ది. లేకపోతే మాయమ్మకి సేసిందంతా తప్పయిపోద్ది గదా."

ఆంటీ నూకాలమ్మ చెయ్యి కాసేపు పట్టుకుని కూర్చుంది. వచ్చేశాం.

రైల్లో సీటు దొరికినా ఆంటీ నిలబడే ఉంది. ఉండబట్టలేక నేనే అన్నాను: "మరణించారని అంటారు, అని రాసేయండి ఆంటీ. అంటారు అంటే అబద్ధం కాదు కదా."

"ఎవరంటారు?" అంది. తర్వాత కాసేపటికి, కిటికీ వైపు చూస్తూ, "ఒక్క మాట రాస్తే ఆవిడ నిద్రపోతుంది. అది నాకు తెలియదనుకోకు" అంది.

తరువాతి రోజుల్లో లిఫ్టులో ఎవరేం చెప్పినా ఆంటీ ఏమీ అడగలేదు. బ్లాకంతా కలవరపడింది. సెక్రటరీ రోజూ ఫోను చేసేవాడు, ప్రెస్సు వాళ్ళు ఆగరని. ఒకరోజు రాయడం అయిపోయిందని చెప్పి, కానీ చెప్పినవారికి వినిపించకుండా అచ్చుకు ఇవ్వనంది. అతనికి ముందే చూపిస్తే చదివి తల పట్టుకున్నాడు. "ఆంటీ, వీరుడు పాయె, మరణం పాయె. కోడి మిగిలింది! కోడిని ఎట్ల వెరిఫై చేస్తరు?"

"పైడమ్మ చెప్పింది. పేరు వేశాను చూడు."

సావనీర్‌లో తర్వాత అది ఒక్క అక్షరం మారకుండా వచ్చింది, కోడితో సహా. అతన్ని మంచివాడని ఊరికే అనలేదు. కానీ అచ్చుకు ముందు బూన్ లేలో జరిగింది చెప్పి ముగిస్తాను.

మళ్ళీ అదే బల్ల, అవే గ్లాసులు. నూకాలమ్మకు ఏ అక్షరమూ రాదు. ఆంటీ కాగితం తీసి, క్లాసులో చదివినట్టు, తొందర లేకుండా చదివింది.

"అప్పలస్వామిగారు తోటలో లారీ ఎక్కి సయాం రైలు పనికి వెళ్ళారు. తాను వచ్చేవరకు కోడిపుంజును అమ్మవద్దని భార్యతో చెప్పారు. ఈ మాట భార్య పైడమ్మగారు కూతురు నూకాలమ్మగారికి చెప్పగా, ఆమె నాకు చెప్పారు. ఆయన తిరిగి రాలేదు. ఆయన పోయారని తనకు ఎవరూ చెప్పలేదు కనుక బొట్టు తీయనని పైడమ్మగారు అనేవారు. ఆమె చివరిరోజు వరకు ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూతురికీ చెప్పలేదు. నేను అడిగినంతలో నాకూ ఎవరూ చెప్పలేదు. అందువల్ల పైడమ్మగారు ముత్తైదువగానే వెళ్ళారని రాస్తున్నాను. ఈ చివరి వాక్యం ఎవరో చెప్పగా విన్నది కాదు, నాది."

కాగితం మడవలేదు. చేతిలోనే ఉంచుకుంది. నూకాలమ్మ అరుస్తుందనుకున్నాను.

"మాయమ్మ పేరున్న కాడ మళ్ళా సదువు" అంది నూకాలమ్మ.

ఆంటీ చదివింది.

"గారు అన్నావా?"

"అన్నానమ్మా. అలాగే రాశాను."

"ఆకరి ముక్క మళ్ళా సదువు."

ఆంటీ మళ్ళీ చదివింది. నూకాలమ్మ బల్ల పట్టుకుని లేచింది. దేవుడి పటాల ముందు కుంకుమ భరిణెలో వేలు ముంచి, పక్కనున్న ఫ్రేము అద్దం మీద, ఆ తేలిపోయిన చోట, గుండ్రంగా, నింపాదిగా దిద్దింది. ఒకసారి తిన్నగా రాలేదనుకుందో ఏమో, పైటకొంగు లేదు కాబట్టి లుంగీ అంచుతో చుట్టూ తుడిచి, మళ్ళీ దిద్దింది. వేలు ఎర్రగా అలాగే పట్టుకుని వెనక్కి తిరిగి, ఆంటీని ఆపాదమస్తకం చూసింది.

"ఇంత సదువు సదివినావు గదమ్మా," అంది. "ఏబై ఏళ్ళు లేటుగా వొచ్చినావేటి?"